వెనక్కి పిలవని వీధి

జర్మనీకి వెళ్లే వాళ్లు రకరకాల తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు. కానీ కట్టుకున్న భార్యను పాత చెప్పులతో విమానమెక్కించి, రాళ్లు పరిచిన వీధుల్లో పది రోజులు నడిపించాలన్న ఆలోచన తెనాలి మెయిన్ బజారు మొత్తం మీద నా ఒక్కడికే వచ్చింది. అందులోనూ నేను చెప్పుల వ్యాపారిని. మా తాత చెప్పులమ్మాడు, మా నాన్న చెప్పులమ్మాడు, ముప్ఫై రెండేళ్లుగా అదే గల్లాపెట్టె వెనక కూర్చుని నేనూ చెప్పులే అమ్ముతున్నాను. కొట్లో నాలుగు వందల జతలు పెట్టుకుని ఇంట్లో మనిషిని పాత జతతో బయల్దేరదీయాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలో మీరే ఆలోచించండి.

"పది రోజుల ముచ్చటకి కొత్తవెందుకు? ఇవింకా రెండేళ్లొస్తాయి. గ్యారంటీ నాది," అన్నాను.

పెట్టె సర్దుకుంటున్న మా ఆవిడ తన చెప్పుల వంక ఒకసారి, నా కాళ్ల వంక ఒకసారి చూసింది. నా కాళ్లకు కొత్త తోలు బూట్లు. పరాయి దేశంలో దిగిన వ్యాపారిని ఎవరైనా ముందు కాళ్ల దగ్గరే అంచనా కడతారని నా నమ్మకం. పక్కన నడిచే భార్య కాళ్లు కూడా చూస్తారని తట్టలేదు.

మేం వెళ్లింది లైప్‌జిగ్‌కి. మా మరదలి కూతురు అక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతోంది. "పెద్దమ్మా, పెదనాన్నా, ఒక్కసారి రండి," అని రెండేళ్లుగా పిలుస్తోంది. టికెట్ల రేటు కాస్త దిగాక వెళ్దామని నేను రెండేళ్లు ఆగాను. దిగలేదు. పెరిగాక కొన్నాను.

మా ఆవిడ సంగతి కూడా చెప్పాలి. పాతికేళ్లుగా మా చర్చిలో ఆదివారం హార్మోనియం ఆవిడదే. ఎడం చేత్తో గాలితిత్తి కొడుతూ, కుడిచేత్తో వాయిస్తూ, పాట తప్పిన వాళ్లను కళ్లతోనే దార్లో పెడుతుంది. ఆవిడకు ఎన్నాళ్లుగానో ఒకటే కోరిక. గోడంత ఎత్తున గొట్టాలు నిలబెట్టిన పెద్ద ఆర్గన్‌ను దాని ఎదుట కూర్చుని వినాలి. ఫోన్‌లో విన్నది చాలా ఉంది. "ఫోన్‌లో వింటే చెవికే వినపడుద్దండీ. దాని ముందు కూర్చుంటే కింద నేల కూడా అదురుద్దంట," అనేది. జర్మనీ అనగానే కోటలొద్దు, నదులొద్దు, ఆ ఒక్కటీ వినిపించమంది. మామూలుగా ఆవిడ నన్నేదీ అడగదు. అడిగితే అక్కడే ఒక బేరం మొదలవుతుందని తెలుసు.

అమ్మాయి వాకబు చేసింది. ఊరి నడిబొడ్డున వాహనాలు రాని పెద్ద వీధి ఒకటుంది. దాని చివర పాత చర్చి. ఆ చర్చిలో గురువారం మూడింటికి ఆర్గన్ కచేరీ. టికెట్టు లేదు. కాకపోతే మూడు కొట్టగానే తలుపులు వేసేస్తారు, ఆ తర్వాత ఎవరొచ్చినా తియ్యరు. మా తిరుగు ప్రయాణం శుక్రవారం. అంటే ఆ గురువారం తప్పితే ఇక లేదు.

గురువారం పన్నెండున్నరకు అమ్మాయి మమ్మల్ని ఆ వీధి మొదట్లో దించింది. దానికి వీసా ఆఫీసులో టెర్మిన్ ఉంది. టెర్మిన్ అంటే ఆఫీసు వాళ్లు మనకిచ్చే గంటా నిమిషం. అక్కడి పిల్లలు పెళ్లిముహూర్తం కన్నా దాన్ని ఎక్కువ జాగ్రత్తగా చూసుకుంటారు.

"పెదనాన్నా, మూడు నెలలు తిరిగితే దొరికిన టెర్మిన్ ఇది. నేను పోక తప్పదు. ఈ వీధి దాటి ఎటూ పోబాకండి. ఇట్టా తిన్నగా నడిస్తే చివర్లో చర్చి. పదిహేను నిమిషాలు. అయిపోయేసరికి నేనొస్తా."

"పదిహేను నిమిషాల దారికి రెండున్నర గంటలున్నాయి. పాకుకుంటూ పోయినా చేరతాం," అన్నాను.

"ఇంకోటి. ఇక్కడ షాపుల్లో బేరం ఉండదు. ఫిక్స్‌డ్."

"ఆ బోర్డు మా కొట్లో కూడా ఉందమ్మా," అన్నాను.

పిల్ల వాళ్ల పెద్దమ్మ వంక జాలిగా చూసి ట్రామెక్కి వెళ్లిపోయింది.

ఆ వీధి గురించి ముందు ఒక మాట చెప్పాలి. అంత వెడల్పున్న వీధిలో ఒక్క బండి లేదు, ఒక్క హారన్ లేదు. అయినా నేను అలవాటు కొద్దీ గోడవారనే నడిచాను. మా ఆవిడ మాత్రం రెండు నిమిషాల్లో సంగతి గ్రహించి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, వీధి నట్టనడుమ నడవడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత వెనక్కి తిరిగి చూసుకోకుండా రోడ్డు మధ్యన నడవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది. మే నెల ఎండ పల్చగా ఉంది. రంగు గొడుగుల కింద జనం కాఫీ కప్పు ముందు పెట్టుకుని గంటలకు గంటలు కూర్చున్నారు. మా బజార్లో ఒక్క టీ మీద అంతసేపు కూర్చుంటే ఓనరు వచ్చి బల్ల తుడుస్తాడు. ఒకడు ఒళ్లంతా వెండిరంగు పూసుకుని, కదలకుండా, విగ్రహంలా నిలబడి డబ్బులు సంపాదిస్తున్నాడు. పెట్టుబడి ఒక డబ్బా రంగు, ఒక డొక్కు టోపీ. సరుకు లేదు, అద్దె లేదు, అరువు లేదు. ఆ వ్యాపారాన్ని నేను చాలాసేపు గౌరవంగా చూశాను.

"పదండి. వాడు కదలడు, మీరూ కదలరు," అంది మా ఆవిడ.

నేను కొట్ల అద్దాలు చూసుకుంటూ నడుస్తున్నాను. ఏ సరుకు ముందు పెట్టారు, ఏది వెనక పెట్టారు, ధర చీటీ ఏ మూల కట్టారు, ఇవన్నీ నాకు పాఠాలు. అలా ప్రతి అద్దం దగ్గరా ఆగి ముప్పావుగంట గడిపాక, రాయికీ రాయికీ మధ్య సందులో ఆవిడ చెప్పు ముక్కు దిగి, బొటనవేలి వారు టప్పున ఊడి వచ్చేసింది.

ఆవిడ ఒంటికాలి మీద నిలబడి, ఊడిన చెప్పు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"గ్యారంటీ కార్డు తెచ్చారా?"

సరిగ్గా ఎదురుగా ఒక చెప్పుల కొట్టుంది. పెద్ద కంపెనీ షాపు కాదు, చిన్న కొట్టు. అద్దంలో పన్నెండు జతలే పెట్టారు. ఎక్కువ పెట్టకపోవడంలోనే వాళ్ల ధీమా తెలిసిపోతుంది. లోపల అరవై దాటిన ఒకావిడ, మెడలో గొలుసుకు కళ్లజోడు వేలాడదీసుకుని ఉంది. మా ఆవిడ అవస్థ చూసి, ఏమీ అడక్కుండా బల్ల చూపించి కూర్చోబెట్టింది. కింద మోకాళ్ల మీద కూర్చుని, ఒక ఇనప కొలపట్టీ మీద పాదం పెట్టించి పొడుగూ వెడల్పూ కొలిచింది. రెండో పాదం కూడా విడిగా కొలిచింది. నేను ముప్ఫై రెండేళ్లలో ఏ ఒక్క గిరాకీకీ రెండో పాదం కొలవలేదు.

లోపల్నుంచి ఒకే ఒక్క డబ్బా తెచ్చింది. పది తెచ్చి కుప్ప పొయ్యలేదు. ముదురు గోధుమరంగు తోలు బూట్లు, మెత్తటి అడుగు. మా ఆవిడ వేసుకుని లేచి, కొట్టు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది.  ఆ నడకలో చప్పుడు లేదు. మా ఇంట్లో ఆవిడ ఏ గదిలో ఉందో చెప్పుల టపటపతోనే చెప్పగలిగిన నాకు, పక్కకే వచ్చి నిలబడ్డా తెలియలేదు.

"ఇవి కొనండి," అంది. "ఇట్టా వేసుకునే చర్చికి పోదాం."

ధర నూట పంతొమ్మిది యూరోలు. జత చేతిలోకి తీసుకున్నాను. అడుగు వంచాను, కుట్టు చూశాను, లోపలి తోలు వాసన చూశాను. సరుకు కల్తీ లేనిది. అదే నన్ను రెచ్చగొట్టింది. ఇంత మంచి సరుకును అడిగిన ధరకు కొంటే, పైనున్న మా నాన్న మొహం నేను చూడలేను. కొట్టు వాళ్లకు ఎంతకు పడి ఉంటుందో మనసులో కట్టుకుని, ఫోన్ తీసి, డెబ్బై అని నొక్కి కొట్టావిడకు చూపించాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. పాపం ఈయనకు చీటీ మీది అంకె కనపడలేదేమో అనుకున్నట్టుంది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఎంతో మర్యాదగా నూట పంతొమ్మిది అని నొక్కి ఇచ్చింది.

నేను ఎనభై నొక్కాను. ఆవిడ నూట పంతొమ్మిది నొక్కింది.

నేను ఎనభై ఐదు నొక్కాను. ఈసారి ఆవిడ నొక్కలేదు. బల్ల మీద ఉన్న చీటీని నా వైపు తిప్పి, అంకె కింద వేలు పెట్టి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చదివింది.

మా కొట్లో ఒక శాస్త్రముంది. బేరం కుదరక గిరాకీ లేచి వెళ్లిపోతుంటే మా నాన్న వెంటనే పిలిచేవాడు కాదు. గడప దాటాక ఏడడుగులు వెయ్యనిచ్చేవాడు. ఏడో అడుగు మీద, "ఇటు రండి సార్, మీ మాట కాదు, నా మాట కాదు," అనేవాడు. ఏడుకు ముందే పిలిస్తే అలుసు, దాటాక పిలిస్తే గిరాకీ పక్క కొట్టు ఎక్కేస్తాడు. అందుకే మా ఇంటి వాళ్లం ఎక్కడ ఏం కొన్నా లేచి వెళ్లిపోవడం తప్పనిసరి. దీనికి ఇద్దరు కావాలి. మా ఆవిడ ముందు లేవాలి, "పదండి, పక్కన చూద్దాం," అనాలి. చీరలు, సామాన్లు, చివరికి మా అమ్మాయి పెళ్లి పందిరి కూడా అలాగే మాట్లాడాం.

"లే," అన్నాను.

"ఇప్పుడొద్దండీ. టైం అవుతోంది."

"ఇంకా గంటకు పైగా ఉంది. ఏడడుగులే కదా. లే."

ఆవిడ బూట్లు విప్పింది. విప్పడానికి వేసుకున్న దానికంటే ఎక్కువసేపు పట్టింది. ఊడిన చెప్పులో పాదం దూర్చి, కాలీడ్చుకుంటూ, "పదండి, పక్కన చూద్దాం," అంది. ఇన్నేళ్లలో ఆ మాటను అంత చప్పగా ఎప్పుడూ అనలేదు.

కొట్టావిడ చిరునవ్వుతో "చూస్" అంది. అంటే వెళ్లి రండి అని. మా శాస్త్రంలో ఆ మాట లేదు.

గడప దాటి లెక్క మొదలెట్టాను. ఒకటి, రెండు, మూడు. వెనక నిశ్శబ్దం. నాలుగు, ఐదు. ఆరో అడుగు పడుతుండగా వెనకనుంచి పిలుపొచ్చింది.

"హలో!"

నా ఒళ్లు పులకరించింది. భూగోళానికి ఇంకో వైపున కూడా మా నాన్న శాస్త్రం అచ్చంగా పనిచేస్తోంది, అదీ ఒక అడుగు ముందే.

"తిరక్కు," అన్నాను మా ఆవిడతో.

"పిలుస్తోందండీ."

"అందుకే తిరగొద్దు. ఇప్పుడు తిరిగితే నూటికి వస్తుంది. ఇంకో పదడుగులేస్తే తొంభైకి వస్తుంది."

"హలో! బిట్టే!" బిట్టే అంటే దయచేసి అని. రెండో పిలుపు దగ్గర్నుంచి వచ్చింది. నేను మా ఆవిడ చెయ్యి పట్టుకుని నడక పెంచాను. పాపం ఊడిన చెప్పుతో నాతోపాటు గెంతుతూ వచ్చింది. వీధిలో జనం మాకు దారిచ్చారు. వెండిమనిషి ఒక కన్ను తిప్పి మా వంక చూశాడు. మూడో పిలుపులో గొంతు గట్టిగా రొప్పుతోంది. ఇక ఎనభై ఐదుకు దిగినట్టే అనుకుని, ఫౌంటెన్ దగ్గర, ఎంతో తీరుబడిగా, ఇప్పుడే విన్నట్టు వెనక్కి తిరిగాను.

కొట్టావిడ నడుం మీద చెయ్యి వేసుకుని, ఎర్రబడ్డ మొహంతో, ఊపిరి అందక నిలబడి ఉంది. రెండో చేతిలో మా గుడ్డ సంచీ. అందులో మా ఇద్దరి పాస్‌పోర్టులు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తిరుగు టికెట్లు, నా బీపీ మాత్రలు. బల్ల పక్కన మర్చిపోయి వచ్చాం.

అరవై దాటిన మనిషి కొట్టు వదిలేసి, సగం వీధి పరిగెత్తుకుంటూ వచ్చి, పారిపోతున్న మాకు మా పాస్‌పోర్టులు అప్పగించింది. మా ఆవిడ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఏం మాట్లాడిందో తెలుగులోనే మాట్లాడింది. ఆమె కూడా ఏదో జర్మన్‌లోనే అంది. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

ఇక్కడ నేను చేసిన పని దాచుకోవచ్చు. ఎవరూ చూడలేదు, మా ఆవిడ తప్ప. కానీ చెప్తాను. కొట్టావిడ వెనక్కి తిరిగేలోగా, ఫోన్ తీసి తొంభై ఐదు అని నొక్కి ఆమెకు చూపించాను.

ఆమె చూసింది. ఈసారి మర్యాదగా కాదు, కడుపు పట్టుకుని నవ్వింది. "నైన్," అని, అంటే కుదరదని, నా భుజం తట్టి, వెళ్లిపోయింది.

"ఇప్పుడైనా వెనక్కి పోయి కొనండి," అంది మా ఆవిడ.

"ఇప్పుడా? మన అంతట మనం వెనక్కి పోతే ఇంకేముంది? తనంతట తాను తిరిగొచ్చిన గిరాకీకి మా నాన్న రూపాయి కూడా తగ్గించేవాడు కాదు."

"ఆవిడ ఇప్పుడు మాత్రం ఎంత తగ్గించింది?"

 ఫౌంటెన్ గట్టు మీద మా ఆవిడను కూర్చోబెట్టి, ఆవిడ గాజులకున్న పిన్నీసు ఒకటి తీసుకుని, కింద చతికిలబడి చెప్పు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. పని నాకు వచ్చు. చిన్నప్పుడు మా నాన్న ముందు అదే నేర్పించాడు. ఊడిన తోలువారును లోపలికి తోసి, పిన్నీసు అడ్డంగా గుచ్చి, రాయితో కొట్టి బిగించాను. తలెత్తేసరికి నా చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒక పెద్దమనిషి మెచ్చుకోలుగా తలూపి, నా పక్కన గట్టు మీద యాభై సెంట్ల నాణెం పెట్టి వెళ్లాడు.

"తీసుకోండి. బోణీ," అంది మా ఆవిడ.

తీసుకున్నాను.

పిన్నీసు నన్ను కాపాడింది అనుకున్నాను. కాస్త ధైర్యం వచ్చి, పక్కన స్ట్రాబెర్రీల బండి దగ్గర ఆగాను. ఒక డబ్బా ఐదు యూరోలు. బేరం ఆడలేదు. ఆడలేదని నమోదు చేసుకోవాలి. కానీ డబ్బా తీసుకున్నాక చెయ్యి అక్కడే చాపి ఉంచాను, కొసరు కోసం. బండి అమ్మాయి నా చెయ్యి చూసింది, చిల్లర బాకీ ఉందేమోనని పెట్టె చూసింది, చివరికి ఒకే ఒక్క పండు తీసి నా అరచేతిలో పెట్టింది. దాన్ని మా ఆవిడకిచ్చాను. ఆ వీధిలో నా పరపతి అంతా ఆ ఒక్క పండు.

మధ్యలో ఒక యూరో పోసి పాయిఖానాకు వెళ్లొచ్చాను. దాని మీద కూడా బేరమాడలేదు.

బయటికి వచ్చేసరికి మా ఆవిడ గోడకానుకుని నిలబడి ఉంది. పిన్నీసు విచ్చుకుని ఆవిడ బొటనవేలిని గీరింది. చుక్క రక్తం, దానికి పక్కనే పొక్కు. టైం రెండుంబావు.

"పద," అన్నాను. "నూట పంతొమ్మిది. ఇచ్చేద్దాం." ఆ అంకె నా నోట్లోంచి రావడం నాకే వింతగా ఉంది. నా తోలు బూట్లు ఆవిడకు పెద్దవి, లేకపోతే అవే ఇచ్చేవాణ్ని. ఇస్తానని కూడా అన్నాను. ఆవిడ వాటి సైజు చూసి వద్దంది.

కొట్టు దగ్గరికి వెనక్కి నడిచాం. తలుపు వేసి ఉంది. అద్దానికి అట్టముక్క వేలాడుతోంది, దాని మీద గడియారం బొమ్మ. రెండు నుంచి మూడున్నర దాకా భోజనం. నేను అద్దంలోంచి లోపలికి చూశాను. మా డబ్బా బల్ల మీదే ఉంది. మేం మళ్లీ వస్తామని ఆమెకు తెలిసినట్టుంది. ఎప్పుడొస్తామో మాత్రం ఆమెకు పట్టలేదు.

"కాస్త ముందుకెళ్తే పెద్ద షాపుంది," అన్నాను. "రెండు నిమిషాల్లో ఏదో ఒకటి..."

"మీరు ఇంకో కొట్టెక్కితే ఆర్గన్ వినేది వచ్చే జన్మలోనే," అంది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పనికి నేను సిద్ధంగా లేను. వంగి రెండు చెప్పులూ చేత్తో తీసుకుంది. పమిట నడుముకు దోపుకుంది. వట్టి కాళ్లతో, వీధి నడుమన, చర్చి గోపురం వైపు బయల్దేరింది. నేను సంచీ, స్ట్రాబెర్రీలు పట్టుకుని వెనక. కాఫీ గొడుగుల కింద కూర్చున్న వాళ్లు కప్పులు దించారు. ఒక ముసలాయన లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. ఆవిడ నమస్కారం పెట్టి ముందుకు నడిచింది. చాలాచోట్ల ఆగి, పొక్కు తగలకుండా పాదం అంచు మీద నడుస్తూ, మిగిలిన పది నిమిషాల దారి అరగంటలో నడిచింది.  వెనక నేను ప్రతి రాయినీ చూశాను. నా కొట్లో నాలుగు వందల జతలున్నాయని ఆ అరగంటలో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను.

చర్చి మెట్ల దగ్గరికి చేరేసరికి మూడుకు ఐదు నిమిషాలు. తలుపు దగ్గర నిలబడ్డాయన లోపలికి రమ్మని సైగ చేశాడు. మా ఆవిడ అలవాటుగా చెప్పులు మెట్ల పక్కన జంటగా పెట్టింది. మా ఊళ్లో చర్చి లోపలికి ఎవరూ చెప్పులతో వెళ్లరు. గుమ్మం బయట వందల జతలు ఉంటాయి. నేను కూడా వంగి నా తోలు బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, ఆవిడ చెప్పుల పక్కన పెట్టాను. తలుపాయన ఏదో చెప్పబోయాడు. ఇంతలో గంటలు మొదలయ్యాయి. మమ్మల్ని లోపలికి తోసి తలుపేశాడు.

చోటు చివరి వరసలో దొరికింది. ఆర్గన్ వెనక వైపు, పైన అంతస్తులో ఉంది, వాయించేవాళ్లు కనపడరు. అందుకని ముందు ఒక తెర కట్టి, దాని మీద వాయించే ఆమె చేతులు, కాళ్లు చూపిస్తున్నారు. కింద కర్ర పలకల మీద ఆమె పాదాలు ఎడమకూ కుడికీ పరుగులు పెడుతున్నాయి. చేతులు ఒక పాట, కాళ్లు ఇంకో పాట.

"కాళ్లతో కూడా వాయిస్తారండీ," అంది మా ఆవిడ, నా చెవిలో. ఎన్నాళ్లుగానో ఫోన్‌లో వింటూ కూడా ఆ సంగతి ఆవిడకు తెలియదు.

తర్వాత అన్నిటికన్నా లోతైన అడుగుస్వరం పట్టారు. నేను సంగీతం తెలిసినవాణ్ని కాదు. కానీ ఆ చల్లటి రాతినేల నిజంగానే అదిరింది. అరికాళ్లలో మొదలై మోకాళ్ల దాకా వచ్చింది. మా ఆవిడ రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది. చుట్టూ వందమంది మందపాటి బూట్లేసుకుని వింటున్నారు. ఆ అదురు పూర్తిగా అందింది ఆ చర్చిలో మా ఇద్దరికే అనుకుంటాను. ముప్పావుగంట ఆవిడ కదల్లేదు. నేను కూడా దేనికీ ధర కట్టలేదు.

వచ్చేటప్పుడు చందా పెట్టె దగ్గర ఐదు యూరోల నోటు తీశాను. ఆవిడ నా జేబులోంచి ఇరవై తీసి వేసింది.

బయటికొచ్చి మెట్ల పక్కన చూశాం. ఆవిడ చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. నా బూట్లు లేవు.

మెట్లన్నీ వెతికాను. చెత్తడబ్బా కూడా చూశాను. తలుపాయన వచ్చి చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. నేను వట్టి కాళ్లతో తలాడించాను. అప్పటికి టెర్మిన్ ముగించుకుని మా మరదలి కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ఇద్దరి పాదాలూ చూసి ఆగిపోయింది.

"పెదనాన్నా, మీ షూస్ ఏవి?"

"ఇక్కడే పెట్టానమ్మా. ఎవరో ఎత్తుకుపోయారు."

"ఎత్తుకుపోవడం కాదు పెదనాన్నా. ఇక్కడ వద్దనుకున్న సామాన్లు ఇట్టాగే శుభ్రంగా సర్ది బయట పెడతారు. కావలసినోళ్లు తీసుకుపోతారు. నా రూములో కుర్చీ, లాంపు, అద్దం అన్నీ అట్టా వచ్చినవే. మేజోళ్లతో సహా పెట్టారా?"

"పెట్టాను."

"ఇంకేం. సెట్టు."

మా ఆవిడ అప్పటిదాకా ఆపుకుంది. ఇక ఆపుకోలేక మెట్ల మీద కూర్చుని నవ్వింది. "మీ బూట్లు తీసుకుపోయిన మనిషి, నా చెప్పులు చూసే ఉంటాడు కదండీ," అంది. "చూసి వదిలేశాడు. మన కొట్టు సరుకు."

చెప్పుల కొట్టుకు నడిచేసరికి నాలుగు దాటింది. ఈసారి వట్టి కాళ్లు రెండు కాదు, నాలుగు. కొట్టావిడ మా పాదాలు చూసి, మమ్మల్ని చూసి, ఇంకో కొలపట్టీ కూడా తెచ్చింది. నా పాదాలు కూడా రెండూ కొలిచింది. వీధి దుమ్ము కాళ్లతో కొత్త బూట్లు తొడగనివ్వదట, అందుకని మేజోళ్లు రెండు జతలు కొనాల్సి వచ్చింది. నేను ఫోన్ బయటికి తియ్యలేదు. మా ఆవిడ ముందుజాగ్రత్తగా దాన్ని అమ్మాయి చేతికిచ్చేసింది.

బిల్లు ఉన్నదున్నట్టు రాస్తాను. ఆవిడ బూట్లు నూట పంతొమ్మిది. నావి నూట ముప్ఫై తొమ్మిది. మేజోళ్లు పద్నాలుగు. స్ట్రాబెర్రీలు ఐదు. పాయిఖానా ఒకటి. చందా పెట్టెలో ఇరవై. వెరసి రెండు వందల తొంభై ఎనిమిది. ఇందులో చెప్పు బాగుచేసి సంపాదించిన యాభై సెంట్లు తీసేస్తే, రెండు వందల తొంభై ఏడున్నర. చెప్పిన ధరకు చెప్పినప్పుడే కొని ఉంటే నూట పంతొమ్మిదితోనే, చందాతో కలిపి నూట ముప్ఫై తొమ్మిదితోనే తేలిపోయేది. ఆవిడ పాదానికి పొక్కు వచ్చేది కాదు, దాన్ని ఏ వరసలో రాయాలో నాకు తెలియడం లేదు. మధ్యాహ్నమంతా బేరమాడి నేను తగ్గించింది సున్నా.

పోయిన నా బూట్లు మా కొట్లో పద్దెనిమిది వందల రూపాయలు పలుకుతాయి. అది ఇందులో కలపలేదు.